కారా పోర్టల్‌కి అంబాజీపేట నుంచి మూడున్నర మార్కులు

నేను కొబ్బరికాయల వ్యాపారినండి. అంబాజీపేటలో మాది చిన్న కొట్టు. కాయని చెవి దగ్గర ఊపి లోపల నీళ్లెంత ఉన్నాయో చెప్పడం నా వృత్తి. ఏదైనా కొన్నా, ఎవరి చేతైనా పని చేయించుకున్నా, నలుగురికీ పనికొస్తుందని రాసిపెట్టడం నా జబ్బు. మిక్సీ మీద రాశాను, బోరు మోటారు మీద రాశాను, ఒక కళ్లద్దాల షాపు మీద రాశాను. ఆ షాపాయన ఇప్పటికీ ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతాడు.

దీని మీద రాయడానికి మాత్రం నాలుగేళ్లు తాత్సారం చేశాను. ఎందుకంటే ఇది మా అమ్మాయి మా ఇంటికొచ్చిన సంగతి. కానీ ఈ మధ్య కొట్టుకొచ్చి, కాయల బేరం అయ్యాక కూడా కదలకుండా నిలబడి, గొంతు తగ్గించి "మీరు పిల్లని ఎలా తెచ్చుకున్నారండీ" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. అందుకని రాస్తున్నా.

సేవ పేరు కారా. కేంద్ర ప్రభుత్వంలో మహిళా శిశు అభివృద్ధి శాఖ కింద ఉండే దత్తత సంస్థ. దాని ఆన్‌లైన్ పోర్టల్ కేరింగ్స్. ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఒకటిన్నర ఎందుకు కోశానో చెబుతా గానీ, అంతకన్నా ముందు మేము తొక్కి వెనక్కొచ్చిన దారులున్నాయి. అవి చెప్పకపోతే ఈ మూడున్నర ఎక్కువో తక్కువో మీకు తెలీదు.

మాకు 2008లో పెళ్లయింది. రాజమండ్రి, విజయవాడ ఆసుపత్రుల సంగతి ఎత్తను, ఆ డబ్బుతో ఎకరం తోట వచ్చేది. అవన్నీ అయిపోయాక మొదటి మాట మా మరదలి నోటి నుంచి వచ్చింది. "అక్కా, నాకిద్దరు మగపిల్లలు. చిన్నోణ్ణి నువ్వు పెంచుకో" అంది. మనస్ఫూర్తిగానే అంది. మా మావగారు మర్నాడే పంచాంగం తీశారు.

మనవాళ్లకి దత్తతంటే ఇదే కదండీ. బంధువుల్లో ఒక పిల్లాడు, ఒక ముహూర్తం, దత్త హోమం, నలుగురికీ భోజనాలు. చట్టంలో ఇది 1956 నాటి హిందూ దత్తత చట్టం కిందికి వస్తుంది. ప్లీడరు గారు చెప్పిందేంటంటే, హోమం చేసినా చేయకపోయినా ఫరవాలేదు, కన్నవాళ్లు బిడ్డని చేతికివ్వడం, పెంచేవాళ్లు చేతుల్లోకి తీసుకోవడం మాత్రం నిజంగా జరగాలి. అదే దత్తతకి ప్రాణం. ఇవ్వడానికి కన్నతల్లీ తండ్రీ ఇద్దరి ఒప్పుదలా ఉండాలి. పిల్లాడికి 15 ఏళ్లు నిండకూడదు. తండ్రి ఆడపిల్లని తీసుకున్నా, తల్లి మగపిల్లాణ్ణి తీసుకున్నా ఇద్దరికీ మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. కొడుకో మనవడో బతికుంటే ఇంకో కొడుకుని దత్తత తీసుకోవడానికి లేదు. డబ్బు చేతులు మారితే నేరం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు తప్పనిసరి కాదు గానీ, రెండు పక్షాల సంతకాలతో రిజిస్టరు చేసుకుంటే రేపు ఎవరైనా కాదన్నా, దత్తత సరిగ్గానే జరిగిందని కోర్టు ముందు మన మాటే నమ్ముతుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాళ్లే. ఇంకో ముక్క, ఒకసారి చెల్లిన దత్తతని తల్లిదండ్రులు రద్దు చేయలేరు, పిల్లాడు కూడా విడిచి వెనక్కి పోలేడు.

మా అమ్మకి ఒకటే భయం. "తీరా వీణ్ణి తెచ్చాక కడుపు పండితేనో?" ఆవిడ భయం గాలిలోంచి పుట్టింది కాదులెండి. పిఠాపురం సంస్థానంలో దత్తుడు వచ్చిన ఏళ్ల తర్వాత రాజావారికి కొడుకు పుట్టి, ఆ తగాదా సముద్రం దాటి ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1899లో తీర్పు. గోదావరి జిల్లాల్లో ముసలాళ్లకి ఇలాంటి కథలు నాలుక చివరే ఉంటాయి. ఇప్పుడు చట్ట ప్రకారం దత్తత బిడ్డా కన్నబిడ్డా ఒకటేనని ప్లీడరు చెబితే అమ్మ తలూపింది గానీ నమ్మలేదు.

నా భయం వేరు. మా తాతయ్య దత్తుడు. నరసాపురంలో పుట్టారు. ఆరో ఏట ఆయన్ని గోదావరి ఇవతల సఖినేటిపల్లిలో వేలువిడిచిన మేనమామకి ఇచ్చారు. ఇంటిపేరు మారింది. కన్న ఇల్లు అవతలి ఒడ్డునే, పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే పావుగంట. రోజూ సాయంత్రం రేవులో కూర్చునేవారట, పంటులోంచి ఎవరైనా తనకోసం దిగుతారేమోనని. ఇది నాకు ఎవరో చెప్పిన కథ. నా కళ్లతో చూసింది ఏంటంటే, ఎనభై దాటాక కూడా రేవు దగ్గర పంటు ఇంజను చప్పుడు వినపడితే ఆయన మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేసేవారు. చప్పుడు ఆగాక మళ్లీ అందుకునేవారు.

అందుకని ముహూర్తం పెట్టకముందే వారం రోజులు పిల్లాణ్ణి మా ఇంట్లో ఉంచమన్నాను. వాడికి నాలుగేళ్లు. పగలంతా కొట్టులో కాయల గుట్ట మీద ఎక్కి దిగి బ్రహ్మాండంగా ఆడాడు. దీపాలు పెట్టే వేళకి చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఇంక అమ్మ దగ్గరికి పోదాం బావోయ్" అని నన్ను. (వాళ్లమ్మ నన్ను బావ అంటుందని వాడూ అదే.) వాళ్లిల్లు మూడు వీధుల అవతలే. మూడో రాత్రి మా ఆవిడే వాణ్ణి భుజాన వేసుకుని దిగబెట్టి వచ్చింది. వచ్చి చెంబుడు నీళ్లు తాగి, "నాకు బిడ్డ కావాలి గానీ నా చెల్లెలి బిడ్డ కాదండి" అంది. ఆ దారి అక్కడితో మూసేశాం. మరదలు ఆర్నెల్లు అలిగింది.

బంధువుల్లో దత్తతే చెడ్డదని నేననను. తల్లీ తండ్రీ పోయిన పిల్లల్ని అమ్మమ్మలూ బాబాయిలూ పెంచుకునేటప్పుడు అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మా పక్కింటి మాస్టారు అలాగే చేశారు. వాళ్లు క్రైస్తవులు. పాత రోజుల్లో క్రైస్తవులకీ ముస్లిములకీ దత్తత చట్టమే లేదు, 1890 నాటి చట్టం కింద గార్డియన్‌గా ఉండటమే. అంటే బిడ్డ మేజరు కాగానే ఆ బంధం కాగితం మీద చెల్లిపోయేది, ఆస్తిలో హక్కూ దానంతట అది వచ్చేది కాదు. మాస్టారి తాతగారి తరంలో అలా పెంచిన పిల్ల ఒకావిడ ఇప్పటికీ ఊళ్లో ఉన్నారు, ఆవిడకి ఇల్లు రాలేదు. ఇప్పుడు బాలల న్యాయ చట్టం కింద ఏ మతం వాళ్లైనా దత్తత తీసుకోవచ్చు, 2014లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చనిపోయిన తన తమ్ముడి కూతుర్ని మాస్టారు ఆ చట్టంలోనే బంధువుల దత్తత కింద, ఇదే పోర్టల్‌లో నమోదు చేసి తీసుకున్నారు. బంధువులంటే అందులో ఎవరంటే వారు కారు. బాబాయి పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, పిన్నీ పెద్దమ్మలు, తాతలూ నాయనమ్మ అమ్మమ్మలూ. ఐదేళ్లు దాటిన పిల్ల అయితే పిల్లని కూడా అడుగుతారు. ఆ పిల్ల ఆఫీసులో "పెద్దనాన్న దగ్గర టీవీ పెద్దది" అందట. మాస్టారు చెప్పి చెప్పి నవ్వుతారు. వితంతువునో విడాకులైన ఆవిణ్ణో పెళ్లి చేసుకున్న మగాడు ఆమె బిడ్డని తన బిడ్డగా చేసుకోవడానికి కూడా ఈ పోర్టల్‌లోనే వేరే దారి ఉంది. అది నాకు పని పడలేదు, వదిలేస్తున్నా.

మూడో దారి చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కాయల లారీ బ్రోకరు ఒకతను మా సంగతి తెలిసి, ఒక ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్ మనిషిని కలిపాడు. ఊరూ పేరూ రాయను. ఆయన టీ తాగుతూ చాలా మామూలుగా చెప్పాడు. మగపిల్లాడికి ఒక రేటు, ఆడపిల్లకి ఒక రేటు, రంగుంటే పైన ఇంకొంచెం. "మీ ఆవిడే కన్నట్టు బర్త్ సర్టిఫికెట్టు వస్తుంది, ఏ కోర్టుకీ తిరగక్కర్లేదు, మూడు నెలల్లో పని అయిపోద్ది." నేను రోజూ వెయ్యి కాయలకి చెప్పే గొంతుతోనే చెప్పాడండి. పెద్దకాయ ఇంత, చిన్నకాయ ఇంత. ఆ సాయంత్రం కొట్టులో కాయలు లెక్కపెడుతూ రెండుసార్లు లెక్క తప్పాను.

ఆశపడలేదని అబద్ధం చెప్పను. మూడు నెలలంటే ఎవరికి ఆశ ఉండదు? తర్వాత ప్లీడరు గారిని అడిగితే లెక్క చెప్పారు. పద్ధతి తప్పి బిడ్డని ఇచ్చినా పుచ్చుకున్నా 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అమ్మడం కొనడం అయితే 5 ఏళ్ల దాకా. ఆసుపత్రి మనుషులు చేస్తే 3 నుంచి 7 ఏళ్లు. జైలు సంగతి అటుంచండి. ఆ కాగితం దొంగదైతే, ఎప్పుడో పదేళ్ల తర్వాత ఆ నర్సింగ్ హోమ్ మీద కేసు పడితే, పోలీసులు వచ్చేది మన గుమ్మంలోకే. బిడ్డ అప్పుడు మనల్ని నాన్నా అంటూ ఉంటుంది. అదీ కాక కన్నతల్లి ఇష్టపడి ఇచ్చిందో, ఏడుస్తుంటే లాక్కొచ్చారో మనకి ఏం తెలుసు? "ఆసుపత్రిలో ఎవరో వదిలేశారంట, మనం తెచ్చుకుందాం" అనేవాళ్లు కొట్టుకి ఇప్పటికీ వస్తారు. వాళ్లకి నేను చెప్పే మాట ఒకటే. అలా బిడ్డ ఉందని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి, మీరు ఎత్తుకోకండి.

ఇంక అసలు సేవకి వస్తా.

2018 జులైలో నెట్ సెంటర్‌లో నమోదు చేశాం. పాన్, ఆధార్, పెళ్లి సర్టిఫికెట్టు, ఆదాయం, డాక్టరు సర్టిఫికెట్టు, ఫొటో. కనీసం రెండేళ్ల కాపురం ఉండాలి, మాకు పదేళ్లుంది. ఇద్దరి వయసులూ కలిపి చూస్తారు. నాకు 39, మా ఆవిడకి 35, కలిపితే 74. అప్పట్లో నాలుగేళ్ల లోపు బిడ్డకి 90 దాకా ఒప్పుకునేవారు. 2022 రూల్స్‌లో కొంచెం బిగించారు. రెండేళ్ల లోపు బిడ్డకి దంపతులిద్దరిదీ కలిపి 85, రెండు నుంచి నాలుగుకి 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆ పైన 110. ఒంటరివాళ్లకి అందులో సగానికి కాస్త అటూ ఇటూగా. ఒంటరి మగవాడికి ఆడపిల్లని ఇవ్వరు. ఇద్దరు పిల్లలు ఆల్రెడీ ఉంటే ప్రత్యేక అవసరాలున్న బిడ్డలూ, ఎవరూ ముందుకు రాని బిడ్డలే. బంధువుల దత్తతకైతే ఈ వయసు లెక్కల పట్టింపు లేదు. మీ లెక్క వేసుకున్నాకే ఆశ పెట్టుకోండి. మా పెద్దన్నయ్య, వదిన కలిపి 101. అంటే ఎనిమిదేళ్లు దాటిన పిల్లలే.

మొదటి పొరపాటు నాదే. ఫారంలో మెయిల్ ఐడీ అడిగితే నెట్ సెంటర్ కుర్రాడు తనది కొట్టేశాడు. ఏడాది తర్వాత వాడు సెంటరు ఎత్తేసి హైదరాబాద్ పోయాక గానీ నాకు తెలీలేదు. వాణ్ణి పట్టుకుని, మార్పించుకుని, అబ్బో. బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో మనం సరే అనాలి. ఆ మెసేజ్ వాడికి పోయుంటే? మీ ఫోను, మీ మెయిల్ ఇవ్వండి. దండం పెట్టి చెబుతున్నా.

ఇంటి పరిశీలనకి ఒక సోషల్ వర్కర్ వచ్చారు. నాలుగు నెలలు ఆలస్యంగా, రెండుసార్లు ఫోన్ చేయించుకుని. దానికో అర మార్కు కోత. కానీ వచ్చినావిడ మాత్రం మనిషి. కాఫీ కూడా ముట్టలేదు, మంచినీళ్లు తాగారు. ఇల్లు, నుయ్యి, కొట్టు లెక్కల పుస్తకం చూశారు. నుయ్యికి గట్టు ఉందా అని చెయ్యి పెట్టి చూశారు. మా ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆఖర్న అందర్నీ కలిపి, "దత్తత అని బిడ్డకి ఎప్పుడు చెబుతారు?" అని అడిగారు.

ఇంట్లో ఎవరం అప్పటిదాకా ఆలోచించని ప్రశ్న. మా ఆవిడ నా వంక, నేను గోడ వంక. మా అమ్మే అందుకుంది. "మేం చెప్పేదేముందమ్మా, ఊరంతా చెబుద్ది." ఆవిడ పెన్ను ఆపి గట్టిగా నవ్వేశారు. తర్వాత అన్నారు, "అందుకేనండీ, ఊరికన్నా ముందు మీరు చెప్పాలి." ఈ మొత్తం సేవలో ఆ ఒక్క మాటకి ఐదుకి ఐదు.

ఆ తర్వాత నిశ్శబ్దం. మూడేళ్లు. పోర్టల్‌లోకి వెళ్తే మన వరస నంబరు కనపడుతుంది. అంతే. ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పరు. కొట్టు కట్టేశాక రోజూ రాత్రి చూసేవాణ్ణి, పొద్దున్న కురిడీ (ఎండు కొబ్బరి) రేటు చూసినట్టు. కురిడీ రేటైనా పెరగడమో తగ్గడమో చేస్తుంది. ఇది కొన్ని వారాలు కదిలేది కాదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే హిందీ, మన భాషలో మాట్లాడే మనిషి దొరికేసరికి నాకు హిందీ వచ్చేసింది. ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, తెలుగులో నాలుగు మాటలు చెప్పేవాళ్లని పెట్టలేరా? ఇంకో అర మార్కు.

ఎందుకింత ఆలస్యం అని నేనూ తిట్టుకున్నాను. తెలిసింది ఏంటంటే, సంస్థల్లో ఉన్న ప్రతి బిడ్డా దత్తతకి సిద్ధంగా ఉండదు. చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. బిడ్డని దత్తతకి ఇవ్వొచ్చని బాలల సంక్షేమ సమితి ప్రకటించాలి. తల్లి తనంతట తాను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకి 60 రోజులు ఇస్తారు. ఎవరో వదిలేసి పోయిన బిడ్డ అయితే కన్నవాళ్ల కోసం వెతుకుతారు, రెండేళ్ల లోపు బిడ్డకి రెండు నెలలు, ఆ పై వయసుకి నాలుగు నెలలు. ఆ 60 రోజుల సంగతి విన్నప్పటి నుంచి నా తిట్లు కొంచెం తగ్గాయి. నర్సింగ్ హోమ్ మనిషి టీ గ్లాసు ముందు ఆ 60 రోజులు లేవు కదా.

2021 ఆగస్టులో ఇంకో చావు. ఇంటి పరిశీలన రిపోర్టు మూడేళ్లే చెల్లుతుంది. మాది నవంబరులో గడువు దాటుతుందని ఎవరూ చెప్పలేదు, మా ఆవిడే కాగితాలు తిరగేస్తూ పట్టుకుంది. మళ్లీ ఆఫీసు, మళ్లీ ఫోన్లు. అప్పటికి మాది తూర్పుగోదావరి జిల్లాయే, పని ఉంటే కాకినాడ పోవాలి. ఏటిగట్ల మీద బస్సులో నాలుగుసార్లు తిరిగితే గానీ తెమల్లేదు. దీనికీ అరే కోస్తున్నా, నిజానికి ఒకటి కోయాలి.

నవంబరులో, ముసురు పట్టి ఉంది, దింపు కూలీలు చెట్టు ఎక్కలేక చపటా మీద కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. ఫోను మోగింది. ఫొటో, బిడ్డ వివరాల రిపోర్టు, వైద్య పరీక్షల రిపోర్టు. ఆడపిల్ల, పదకొండు నెలలు, రాయలసీమలో ఒక శిశుగృహ. మేం అమ్మాయా అబ్బాయా అన్నది కోరుకోలేదు, ఏదైనా సరే అని పెట్టాం. ఆ రోజు కరెంటు లేదు. ఫోన్‌లో చార్జింగు 20. ఆ రిపోర్టు అమలాపురంలో మాకు తెలిసిన పిల్లల డాక్టరు గారికి చూపించాం. అలా మన డాక్టరుకి చూపించుకునే హక్కు మనకుంది, వాడుకోండి. ఆయన కళ్లజోడు పైకెత్తి, "రక్తం కొంచెం తక్కువుందయ్యా. బెల్లం, మునగాకు పెట్టండి" అన్నారు. అంతే చాలు మాకు.

బిడ్డ అక్కడికి ఎలా వచ్చింది అన్నది మాకు తెలిసినంత తెలుసు. అది ఇక్కడ రాయను. ఆ కథ దానిది. పెద్దయ్యాక 18 నిండితే తన మూలాలు తెలుసుకోమని అదే అడగొచ్చు, ఈలోపైతే మాతో కలిసి అడగొచ్చు. వేరేవాళ్లు అడిగితే చెప్పరు. మా చుట్టాలు అడిగినా చెప్పను.

డబ్బు సంగతి అందరూ అడుగుతారు కాబట్టి లెక్క. ఇంటి పరిశీలనకి 6,000. బిడ్డని తీసుకునేటప్పుడు సంస్థకి 40,000. తర్వాత రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి వచ్చి చూసి వెళ్తారు, ఒక్కో విడతకి 2,000, నాలుగు విడతలు. అన్నీ కలిపి 54,000. అన్నిటికీ రసీదులు. ఇవి నాటి రేట్లు, ఇప్పటివి పోర్టల్‌లోనే చూసుకోండి. రసీదు లేకుండా ఎవరైనా పైసా అడిగితే అక్కడే ఆగండి. మా దారిలో ఒక చోట ఒక గుమాస్తా "స్వీట్లకి" అన్నాడు. మా ఆవిడ మర్నాడు నిజంగానే ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్లి బల్ల మీద పెట్టింది. అతని ముఖం చూడాలి.

కమిటీ ముందు కూర్చుని, కాగితాల మీద సంతకాలయ్యాక బిడ్డని ఇచ్చారు. అప్పటికి చట్టం దృష్టిలో అది పెంపకమే, దత్తత కాదు. ఆర్డరు రావాలి. అప్పట్లో కోర్టు ఇచ్చేది. మా ఫైలు అక్కడ పడుండగా చట్టం మారి 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ అధికారం కలెక్టరుకి వచ్చింది. పెండింగ్ ఫైళ్లు కోర్టు నుంచి కలెక్టరాఫీసుకి. ఈ మధ్యలోనే ఏప్రిల్లో మా ఊరు కొత్త కోనసీమ జిల్లాలోకి వచ్చింది, మేలో జిల్లా పేరు గొడవల్లో ఇంటర్నెట్ ఆగింది. మొదటి విడత చూడ్డానికి వచ్చినావిడ ఫొటోలు తీసుకుని "ఎప్పుడు ఎక్కుతాయో అండీ" అని నిట్టూర్చారు. ఫైలు ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు. బిడ్డ నడవడం నేర్చింది, నాన్నా అంది, కొట్టులో పీచు నోట్లో పెట్టుకుంది, కాగితం మీద మాత్రం ఇంకా మాది కాదు. ఆ నెలల్లో మా ఆవిడ గేటు చప్పుడైతే బిడ్డని ఎత్తుకుని లోపలికి పోయేది. నాకు తాతయ్య, పంటు చప్పుడు గుర్తొచ్చేవి.

ఆర్డరు వచ్చింది. తర్వాత బర్త్ సర్టిఫికెట్టు, అమ్మా నాన్నల గడిలో మా పేర్లతో. నర్సింగ్ హోమ్ మనిషి ఇస్తానన్నదీ మా పేర్లతోనే. కానీ దీన్ని నేను కొట్టులో గోడకి కట్టుకున్నా ఎవడూ పీకలేడు.

మా పెద్దన్నయ్య వాళ్లు ఇప్పుడు ఫోస్టర్ కేర్ గురించి తిరుగుతున్నారు. ఆరేళ్లు దాటిన బిడ్డని ఇంట్లో పెట్టుకుని పెంచడం, అది దత్తత కాదు. 2024లో మార్చిన పద్ధతి ప్రకారం రెండేళ్లు పెంచాక దత్తతకి అడగొచ్చు. ఇదివరకు ఐదేళ్లు పట్టేది. ఇది వేరు, స్పాన్సర్‌షిప్ వేరు. ఆ రెండోదాంట్లో బిడ్డ సొంత ఇంట్లోనే ఉంటుంది, మిషన్ వాత్సల్య కింద ప్రభుత్వం నెలకి 4,000 ఇస్తుంది. పేదరికం వల్ల బిడ్డని వదులుకోబోతున్న తల్లి మీకు తెలిస్తే ఆమెకి ముందు ఈ సంగతి చెప్పండి, మా పోర్టల్ సంగతి తర్వాత. వదిన అంటుంది, "రెండేళ్లు పెంచాక వాళ్లు తీసుకుపోతే?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ గుండె ఆవిడదే.

అమ్మాయికి చెప్పామా అంటే, చెప్పాం. మాటలు రాకముందు నుంచే, కథలాగా. రైలు కథ. మా కోనసీమకి రైలు లేదు కదా, రాజమండ్రిలో ఎక్కి ఎంత దూరం వెళ్లామో, తిరుగు ప్రయాణంలో అది ఎవరి భుజం మీద పడుకుందో, ఏ స్టేషన్లో ఇడ్లీ తిందో. రోజూ అదే కథ, ఒక్క ముక్క మార్చినా ఒప్పుకోదు.

మొన్న సంక్రాంతికి నరసాపురం వెళ్తూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. దానికి ఐదేళ్లు నిండాయి. రెయిలింగు పట్టుకుని నీళ్లు చూస్తూ అడిగింది.

"నాన్నా, నన్ను ఈ పంటు మీద తెచ్చారా?"

"కాదమ్మా, రైల్లో. తెలుసుగా నీకు."

"నాకు టికెట్ తీశావా?"

"లేదు. ఐదేళ్ల లోపు పిల్లలకి రైల్లో టికెట్ ఉండదు."

కాసేపు లెక్కేసుకుంది. కొబ్బరి కొట్టు పిల్ల కదా.

"అయితే నేను ఊరికే వచ్చేశానన్నమాట" అంది, చాలా లాభం వచ్చినదానిలా. వాళ్లమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఊరికేనా! మీ నాన్న నెట్ సెంటర్లో మెయిల్ ఐడీ తప్పు కొట్టించారు, తెలుసా" అని మొదలుపెట్టింది.